భూటాన్ బడిలో విదేశీ ఉపాధ్యాయుల ఆఖరి నెల: పిల్లలకు ఎప్పుడు చెప్పాలి, ఏం అప్పగించాలి, ఎలా బయలుదేరాలి?

మీ ప్రశ్న సారాంశం ఇది. తూర్పు భూటాన్‌లో, త్రాషిగాంగ్ పరిసరాల్లోని ఒక హయ్యర్ సెకండరీ బడిలో గణితం చెప్పడానికి రెండేళ్ల ఒప్పందంపై వెళ్ళారు. ఈ డిసెంబరుతో గడువు తీరుతుంది. ఇంటి పరిస్థితుల వల్ల పొడిగింపు కోరలేదు. ఈ సంగతి పిల్లలకు ఎప్పుడు, ఏమని చెప్పాలో, వాళ్ళిచ్చే కానుకలు పుచ్చుకోవచ్చో లేదో, ఆఖరి నెలలో ఏ పని ముందు పెట్టుకోవాలో తెలియడం లేదు. వీటిలో పిల్లలకు చెప్పడమన్నదే మిమ్మల్ని ఎక్కువ కలవరపెడుతున్నట్లు మీ రాతలో కనిపిస్తోంది కనుక దాని మీదనే ఎక్కువ రాస్తాను.

నేను భౌతికశాస్త్రం చెప్పినవాడిని. తూర్పున ఒక బడిలో రెండేళ్లు, కొంత విరామం తరువాత మరో జిల్లాలో ఇంకో రెండేళ్లు పనిచేశాను. అందువల్ల అక్కడి నుంచి సెలవు తీసుకోవడం నాకు రెండుసార్లు జరిగింది. మొదటిసారి బాగా చెడగొట్టుకున్నాను, రెండోసారి కొంత నయం. కింద రాసినదంతా ఆ రెంటికీ మధ్య నేను నేర్చుకున్నదే.

ముందుగా ఒక విషయం గ్రహించండి. మీరు వెళ్ళిపోవడం ఆ ఊరికి కొత్త సంగతి కాదు. 1961లో భారతదేశ సహాయంతో భూటాన్ తొలి పంచవర్ష ప్రణాళిక మొదలైన నాటి నుంచీ మన దేశపు ఉపాధ్యాయులు, ముఖ్యంగా కేరళవారు, అక్కడి కొండల మీద పాఠాలు చెబుతూనే ఉన్నారు. మీ విద్యార్థుల తల్లిదండ్రుల్లో కొందరు, తాతల్లో కొందరు కూడా అటువంటి మాస్టార్ల దగ్గర ఇంగ్లీషు అక్షరాలు దిద్దినవారే. అలా వచ్చి ఉండిపోయినవారు తక్కువ. 1963లో వచ్చిన కెనడా జెస్యూట్ ఫాదర్ విలియం మాకీ త్రాషిగాంగ్‌లో బడి నడిపి, తరువాత కాంగ్లుంగ్‌లో షెరుబ్‌త్సే విద్యాసంస్థను తీర్చిదిద్ది, ఆ దేశ పౌరసత్వం పొంది, 1995లో అక్కడే కన్నుమూశారు. అటువంటివారిని వదిలేస్తే తక్కిన మనమందరం రెండేళ్లకో ఐదేళ్లకో పెట్టె సర్దుకున్నవాళ్ళమే. సాగనంపడం ఆ ఊరికి అలవాటైన పని, వాళ్ళకొక పద్ధతి ఉంది. ఆ పద్ధతిలో ఇమిడిపోతే మీ భారం సగం తగ్గుతుంది.

ఇక రోజుల లెక్క. మొదటిసారి నేను దెబ్బతిన్నది ఇక్కడే. ఒప్పందం డిసెంబరు దాకా ఉంది కదా అని ఆఖరి పాఠం కూడా డిసెంబరులోనే ఉంటుందని మనసులో అనుకుంటూ ఉంటాం. భూటాన్ బడులు ఫిబ్రవరిలో తెరుచుకుంటాయి. సాధారణంగా నవంబరు మధ్యకే పాఠాలు ముగిసి, పునశ్చరణ, వార్షిక పరీక్షలు వచ్చిపడతాయి. పన్నెండో తరగతివారు బోర్డు పరీక్షల హడావుడిలో ఉంటారు. ఆ తరువాత మీరు గదిలోకి వెళ్ళేది ఇన్విజిలేటర్‌గానే. డిసెంబరులో పేపర్లు దిద్దడం, మార్కులు ఎక్కించడం, డిసెంబరు 17 జాతీయ దినోత్సవానికి పిల్లల చేత నృత్యాలు సాధన చేయించడం, దాదాపు అదే వారంలో ఫలితాలు ప్రకటించడం జరుగుతాయి. 1907లో ఉగ్యెన్ వాంగ్‌చుక్ తొలి రాజుగా సింహాసనమెక్కిన రోజు కనుక ఆ పండుగను బడులు చిన్నగా చేయవు. ఫలితాలు చదివిన మధ్యాహ్నానికే హాస్టల్ పిల్లలు పరుపుచుట్టలు, రేకు పెట్టెలు మోసుకుని దొరికిన బండెక్కి వెళ్ళిపోతారు. మీరు మాట్లాడదామని దాచుకున్న మాటలు మీ దగ్గరే మిగిలిపోతాయి. నా మొదటి బడిలో నా ఆఖరి పాఠం ఏమిటో నాకు గుర్తు లేదు, ఎందుకంటే చెబుతున్నప్పుడు అది ఆఖరిదని నాకు తెలియదు. కాబట్టి టైంటేబుల్ ముందు పెట్టుకుని, ఒక్కొక్క సెక్షన్‌కు మీ చివరి పీరియడ్ ఏ తేదీన వస్తుందో ఈ రాత్రే గుర్తు పెట్టుకోండి.

ఆ పీరియడ్‌కు వారం ముందు పిల్లలకు చెప్పండి. అంతకన్నా ముందు చెబితే చదువు మీద దృష్టి చెదురుతుంది, పరీక్షల ముందు అది మంచిది కాదు. అసలు చెప్పకపోతే మాత్రం హాస్టల్ వంటవాళ్ళ ద్వారానో ఆఫీసు గుమాస్తా ద్వారానో తెలుస్తుంది, అప్పుడు మీరు దాచారన్న బాధ వాళ్ళలో ఉండిపోతుంది. ప్రిన్సిపల్‌కు, సహోద్యోగులకు ముందుగా చెప్పి, ఆ తరువాతనే తరగతికి చెప్పండి. చెప్పేటప్పుడు రెండు వాక్యాలు చాలు: ఒప్పందం ముగుస్తోందని, ఇంటికి వెళ్ళవలసి ఉందని. కారణాలు విడమరిచి చెప్పుకోవడం మొదలుపెడితే అది క్షమాపణలా వినిపిస్తుంది, మేమేమైనా తప్పు చేశామా అని పిల్లలు ఆలోచనలో పడతారు. ఇది ఊహించి చెబుతున్నది కాదు. నాకు వచ్చిన ఉత్తరాల్లో సగం ‘మా వల్ల ఏదైనా పొరపాటు జరిగి ఉంటే మన్నించండి, లా’ అనే ముగిశాయి. ఆ ‘లా’ మీకు ఈపాటికి చెవికి అలవాటై ఉంటుంది, అది మన ‘అండీ’ వంటిది. రెండేళ్లు ప్రతి జవాబు చివరా విన్న ఆ అక్షరం కాగితం మీద, అదీ మన్నించమనే మాట పక్కన కనిపించేసరికి నేను తట్టుకోలేకపోయాను.

ఆఖరి పీరియడ్‌లో పాఠమే చెప్పండి. వీడ్కోలు ఉపన్యాసం వద్దు, సినిమా వద్దు, గంటంతా ఫోటోలు అసలే వద్దు. మీది గణితం కనుక మీ తరగతి ఏడాదంతా తడబడిన ఒక లెక్కను ఎంచుకుని నల్లబల్ల మీద మీరు కాకుండా వాళ్ళ చేతనే చేయించండి. నా రెండో బడిలో కటకాల పాఠంలో సంజ్ఞా సంప్రదాయం దగ్గర ప్రతిసారీ బోల్తాపడే ఒక అబ్బాయి ఉండేవాడు. ఆ రోజు వాడిని పిలిచాను. ఘో (అక్కడి మగవారి సంప్రదాయ దుస్తు) చేతులకు ఉండే తెల్లటి మడతకు సుద్ద అంటకుండా మోచేయి దాకా ఎత్తి పట్టుకుని, ప్రతి అడుగు దగ్గర వెనక్కి తిరిగి నా ముఖం చూస్తూ, చివరకు ప్రతిబింబ దూరానికి రుణ గుర్తు సరిగ్గా పెట్టాడు. తరగతి బల్లలు చరిచింది. గంట కొట్టేశారు. నాకు అంతకన్నా మంచి సెలవు దొరకలేదు.

తిరిగి వస్తానని మాట ఇవ్వకండి. మీ ప్రశ్నకు నేను ఖచ్చితంగా చెప్పగల జవాబు ఇదొక్కటే. మొదటిసారి తొమ్మిదో తరగతి పిల్లలు గుమ్మం దగ్గర పట్టుకుని అడిగితే, మీరు పన్నెండు పూర్తి చేసే ఏడాది తప్పకుండా వస్తానని అనేశాను. ఆ క్షణానికి అది అబద్ధం కూడా కాదు. మూడేళ్ల తరువాత ఆ తరగతి అమ్మాయి ఒకతి బడి కాగితం మీద రాసింది: ‘సార్, మీరు ఏ తేదీన వస్తున్నారో తెలిస్తే మేము అతిథిగృహం అడిగి పెడతాము, లా.’ వాళ్ళు లెక్క పెట్టుకుంటూనే ఉన్నారు. నేను వెళ్ళలేదు, మా అమ్మ అప్పుడు మంచం మీద ఉంది. మన ఊళ్ళలో ‘మళ్ళీ వస్తాంలే’ అన్నది గుమ్మం దాటేటప్పుడు అనే మర్యాద మాట, ‘వెళ్తాను’ అనకూడదు కనుక ‘వస్తాను’ అంటాం. ఆ పిల్లలు మన ‘వస్తాను’కు ఉన్న ఈ అర్థం ఎరుగరు. అడిగితే, రాగలనో లేదో తెలియదని, బడి చిరునామాకు ఉత్తరం మాత్రం రాస్తానని చెప్పి, ఆ ఉత్తరం రాయండి.

ఉత్తరం బడి చిరునామాకే, తరగతి మొత్తం పేరిట రాయమనడానికి కారణముంది. ఒక్కొక్క పిల్లకూ మీ వాట్సాప్ నంబరు ఇచ్చుకుంటూ పోతే మొదటి నెల వంద సందేశాలు వస్తాయి, మూడో నెలకు మీరు జవాబివ్వడం మానేస్తారు. ఫోన్ ఉన్న పిల్లలకు ఒకటి, లేనివారికి ఒకటి అన్న తేడా కూడా వస్తుంది. చిన్నపిల్లలతో విడివిడిగా రాత్రిపూట సంభాషణలు పెట్టుకోవడం ఉపాధ్యాయులకు ఏ దేశంలోనూ మంచిది కాదు. వాళ్ళ ముఖాలు కనిపించే ఫోటోలను మీ ఫేస్‌బుక్‌లో పెట్టే ముందు కూడా బడిని అడగండి.

ఇక అప్పగింతలు. అక్కడి కార్యాలయాల్లో దీన్ని ‘హ్యాండింగ్-టేకింగ్’ అంటారు, దానికొక నోట్ రాసి ఇద్దరూ సంతకాలు చేస్తారు. మీ స్థానంలోకి వచ్చేవారు ఫిబ్రవరిలో గాని రారు కనుక మీ చేతుల నుంచి అందుకునేది విభాగాధిపతో, స్టోర్ చూసేవారో అవుతారు. వచ్చే మనిషి మిమ్మల్ని చూడనే చూడరని అనుకుని రాయండి. మొదటి బడిలో నేను స్టాక్ రిజిస్టర్ ప్రకారం అన్నీ సరిచూసి తాళం అప్పగించాను గాని, కుంభాకార కటకాల డబ్బా బూజు పట్టకుండా ఉంటుందని నేనే బీరువా మీదికి, చార్టుల చుట్టల వెనక్కి మార్చిన సంగతి ఎవరికీ చెప్పలేదు. నా తరువాత వచ్చినాయన ఏప్రిల్ వరకు వెతికి, చివరకు నా నంబరు సంపాదించి ఫోన్ చేశాడు. రిజిస్టర్‌లో ‘ఉన్నది’ అని ఉంటుంది, ఎక్కడున్నదో ఉండదు.

వస్తువుల కన్నా ముఖ్యం పిల్లల గురించి రాసే నాలుగు పేజీలు. ఏ సెక్షన్ ఏ అధ్యాయం దాకా నిజంగా వచ్చిందో, అంటే పాఠ్యప్రణాళికలో టిక్ పెట్టినంత వరకు కాకుండా పిల్లలకు పట్టుబడినంత వరకు, రాయండి. భిన్నాల దగ్గరే ఆగిపోయినవారెవరు, నల్లబల్ల మీది అక్షరాలు కనిపించక పక్కవాడి నోట్స్ చూసి రాసుకునేదెవరు, నోరు విప్పకపోయినా లెక్క చేయగలిగేదెవరు అన్నవి కొత్తవారికి ఒక టర్మ్ ఆదా చేస్తాయి. ప్రవర్తన గురించి మాత్రం ఏమీ రాయకండి. మీకు ‘మొండివాడు’గా తోచినవాడు కొత్త మనిషి దగ్గర కొత్తగా మొదలుపెట్టుకోవాలి. పేర్ల దగ్గర జాగ్రత్త. అక్కడ మనలాగా ఇంటిపేర్లు లేవు కనుక ఒకే తరగతిలో ముగ్గురు సోనమ్‌లు, ఇద్దరు త్షెరింగ్ దోర్జీలు ఉంటారు, పేరును బట్టి ఆడో మగో కూడా చాలాసార్లు తెలియదు. ప్రతి పేరు పక్కన రోల్ నంబరు వేయకపోతే మీ నాలుగు పేజీలు ఎవరికీ పనికిరావు.

సిబ్బంది ఇచ్చే వీడ్కోలు విందు మన శాలువా సభలాంటిదే అనుకోండి గాని, అధ్యక్షోపన్యాసాలు తక్కువ, పాటలు ఎక్కువ. కీరా (అక్కడి ఆడవారి సంప్రదాయ దుస్తు) కట్టుకుని, రాచు అనే నేత కండువాను ఎడమ భుజం మీద సరిగ్గా వేసుకుని వెళ్ళండి. మొదటి ఏడాది కట్టడం వచ్చినా ఇప్పటికీ రాచు మడత తప్పుతుంటే ఎవరైనా మేడమ్‌ను సాయం అడగండి, సంతోషంగా సరిచేస్తారు. ఖదర్ అనే తెల్లటి గౌరవ కండువాను సమర్పించేటప్పుడు కొద్దిగా వంగి రెండు చేతులతో అందుకోవాలి. ఒంటి చేత్తో అందుకుని పక్కన పెట్టేయడం కొందరు మనవాళ్ళు చేయగా చూశాను, అది కంటికి బాగుండదు. వంటకాల్లో ఎమ దత్షి తప్పక ఉంటుంది, గుంటూరు నాలుకకు కూడా అది పచ్చిమిరప కూరే అని గుర్తు చేస్తూ ఉంటుంది. తరువాత దోమా వస్తుంది. తమలపాకు, సున్నం, వక్క అంటే మన తాంబూలమే కదా అని నోట్లో వేసుకున్నవారు మాగిన ఆ వక్క వాసనకు, చెవుల దాకా పాకే ఆ వేడికి తెల్లబోతారు. తినలేకపోతే రెండు చేతులతో అందుకుని ఉంచుకోండి, వద్దని తోసేయకండి. అందరూ మాట్లాడాక మీ వంతు వస్తుంది. రెండు నిమిషాలు మాట్లాడండి. అక్కడి జాతీయ భాష జోంగ్‌ఖాలో ‘కదిన్ఛే లా’ (ధన్యవాదాలండీ) అని మొదలుపెట్టి, స్థానికంగా త్సాంగ్లా మాట్లాడే ఊరైతే మీకు వచ్చిన ఒక్క వాక్యమైనా అందులో చెప్పండి, తప్పులున్నా పరవాలేదు.

కార్యక్రమం చివర ‘తాషీ లేబే’ ఉంటుంది. అది శుభం పలుకుతూ వేసే ముగింపు నృత్యం, ఏ వేడుకైనా దానితోనే పూర్తవుతుంది. ప్రిన్సిపల్, వంటవారు, కాపలాదారు అందరూ వలయంగా నిలబడి నెమ్మదిగా అడుగులు వేస్తారు, అందులో ప్రేక్షకులు ఉండరు. నాకు రాదంటూ కుర్చీలో కూర్చుని ఫోన్‌లో వీడియో తీయకండి. మా మొదటి వీడ్కోలులో నేను అదే చేశాను, ఆ వీడియోలో వలయంలో నా కోసం వదిలిన ఖాళీ కనిపిస్తుంది. అడుగులు తేలిక. మన కోలాటం ఎరిగినవారికి రెండు చుట్లలో వచ్చేస్తాయి, పక్కవారి పాదాలు చూస్తూ వెళ్ళడమే.

కానుకల సంగతికి వస్తే, పిల్లల దగ్గర డబ్బు పోగుచేసి కొనే వస్తువులు వద్దని తరగతి నాయకులకు ముందే మెత్తగా చెప్పండి. ఇంట్లో చేసినవి, చేత్తో గీసినవి పుచ్చుకోండి. ఎండుమిరప దండ, మొక్కజొన్న పేలాలు, చుర్పీ (ఎండు జున్ను) ముక్కలు, వెదురు బద్దలతో అల్లిన బాంగ్‌చుంగ్ బుట్ట, ఎవరైనా పెద్దవారు ఇస్తే త్రాషియాంగ్‌త్సే చెక్కగిన్నె ‘దప్పా’ రావచ్చు. ఏదైనా ఇవ్వబోతే ముందు వద్దు వద్దనడం, రెండోసారి మూడోసారి బలవంతపెడితే అందుకోవడం అక్కడి మర్యాద. మనకూ ఇది కొత్త కాదు. ఇచ్చినవారి ఎదుట పొట్లం విప్పకూడదు. మరొకటి, గిన్నెలోగాని బుట్టలోగాని పెట్టి ఇస్తే ఖాళీగా తిప్పి పంపకూడదన్నది మన ఇళ్లలోలాగానే వాళ్ళ ఇళ్లలోనూ ఉంది. ఆఖరి వారంలో మీ వంటింట్లో ఇరుగుపొరుగువారి గిన్నెలు ఎన్ని ఉన్నాయో చూసుకోండి, ఆశ్చర్యపోతారు. మా ఆవిడ ఆ రెండోసారి శీతాకాలపు సెలవులకు వచ్చి నాతో ఉండగా, మినపప్పు వేయించి, అక్కడి వెన్న కాచి, ఇంటి నుంచి తెచ్చిన బెల్లంతో సున్నుండలు చేసి పదకొండు గిన్నెల్లో పంపింది. వీడ్కోలు ప్రసంగంలో నేను ఏం మాట్లాడానో ఎవరికీ గుర్తు లేదు గాని, సున్నుండల గురించి ఇప్పటికీ అడుగుతారు.

కాగితాలను క్లుప్తంగా చెబుతాను. సర్వీసు ధ్రువపత్రం, రిలీవింగ్ ఆర్డర్, జీతంలో కోసిన పన్నుకు ధ్రువపత్రం, ఈ మూడూ సంతకం ముద్రలతో చేతికి అందాకే బండెక్కండి. సెలవుల్లో ఆఫీసు మూతపడితే ఫిబ్రవరి దాకా ఎవరూ చేయలేరు. వర్క్ పర్మిట్ ముగింపు పని బడి ద్వారానే కదులుతుంది, నవంబరులోనే అడగండి. ఆఖరి జీతం, రావలసిన బకాయిలు ఏ ఖాతాలో ఎప్పుడు పడతాయో తేల్చుకోకుండా అక్కడి బ్యాంకు ఖాతా మూసేయకండి. ఙుల్త్రుమ్ మన రూపాయికి సరిసమానమే అయినా ఆ నోట్లు సరిహద్దు దాటి కొద్ది దూరం పోయాక ఎవరూ తీసుకోరు, భూటాన్‌లో ఉండగానే మార్చుకోండి. మరొక సంగతి చాలామందికి తట్టదు: డిసెంబరులో శాశ్వతంగా తిరిగి వచ్చేవారు మార్చి 31 లోపు 60 రోజులు దాటి ఇక్కడ ఉంటారు. అంతకుముందు నాలుగేళ్లలో 365 రోజులు మన దేశంలో గడిపి ఉంటే ఆ ఆర్థిక సంవత్సరానికి పన్ను లెక్కలో ఇక్కడి నివాసులే అవుతారు, భూటాన్ జీతాన్నీ చూపించాల్సి రావచ్చు. రెండు దేశాల మధ్య జోడు పన్ను నివారణ ఒప్పందం 2013లో కుదిరింది కనుక అక్కడ కట్టిన దానికి కాగితం ఉంటే ఉపయోగపడుతుంది. మీ ఆడిటర్‌ను అడగండి.

ప్రయాణానికి తూర్పు నుంచి దక్షిణపు దారే మేలు. త్రాషిగాంగ్ నుంచి సందృప్ జోంగ్‌ఖార్ సుమారు 180 కిలోమీటర్లు, మలుపుల వల్ల రోజంతా పడుతుంది. అక్కడ సరిహద్దు దాటితే అస్సాం, గువాహటి నుంచి రైలో విమానమో దొరుకుతుంది. థింపూ మీదుగా వెళ్ళాలంటే థ్రుమ్‌షింగ్ లా కనుమ మీద డిసెంబరు మంచును నమ్ముకోవాలి. పుస్తకాలు మోయకండి. గణితం పుస్తకాలు బడి లైబ్రరీకి, కుక్కర్, హీటర్ కొత్తగా వచ్చే ఉపాధ్యాయుల క్వార్టర్‌కు వదిలేయండి. మీరు చేరినప్పుడు ఆ గదిలో ఎవరో వదిలిన గ్యాస్ స్టవ్ ఉండి ఉంటుంది.

బోర్డు ఫలితాలు మీరు ఇంటికి చేరిన చాలా రోజులకు వస్తాయి, ఆ రోజు అక్కడ ఉండరు. జాబితా ఫోటో తీసి పంపమని ఒక సహోద్యోగికి ఇప్పుడే చెప్పి ఉంచండి. ఫిబ్రవరిలో బడి తెరిచిన రెండో వారంలో మీ స్థానంలోకి వచ్చినవారికి ఒకసారి ఫోన్ చేసి, మీ నాలుగు పేజీలు అందాయో లేదో, రోల్ నంబర్లు కొత్త తరగతికి మారిపోయి గందరగోళం అయిందేమో కనుక్కోండి. వాళ్ళ గడియారం మనకన్నా అరగంట ముందు ఉంటుంది, అది చూసుకుని వాళ్ళ టీ విరామంలో చేయండి. పీరియడ్ మధ్యలో చేస్తే తీయరు.